ఆరుబయట కచేరీలు – ధ్వనివర్ధకముల ఎంపిక
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలో పుస్తకములను గూర్చి గాక మైకులను గూర్చి మాటాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఈ విషయమును కోరినవారు కార్యవర్గమువారే. ఉత్సవముల చివర సంత మైదానమున ఒకనాడు సంగీత కచేరీ, మరునాడు హరికథ ఏర్పాటు చేయ సంకల్పించినారు. మైకు సెట్లు అద్దెకిచ్చువారు ఇరువురు వచ్చిరట. ఒకరు, "ప్రక్కకు నాలుగు చొప్పున ఎనిమిది పెట్టెల లైన్ అర్రే వ్రేలాడదీసెదము" అనిరట. రెండవవారు, "నాలుగు మంచి పెట్టెలు తగిన ఎత్తున నిలిపెదము, చాలును" అనిరట. మొదటివారి అద్దె ఎక్కువ. వ్రేలాడు వరుసను పట్నములలో చూచి వచ్చిన యువకులు దానినే తేవలెనని పట్టుబట్టినారు. పెద్దలు డబ్బు లెక్క చూచినారు. ఇరుపక్షములవారును చెవుల లెక్క చూడలేదు. ఆ లెక్కను మీ ముందుంచుటకే నేను వచ్చితిని.

ముందుగా మనకేమి కావలెనో తేల్చుకొందము. హరికథ వినవచ్చిన అవ్వ చిట్టచివరి చాపమీద కూర్చుండును. ఆమెకు కథలోని ప్రతి మాట తెలియవలెను. వేదిక ఎదుట, స్పీకరు పెట్టెల కాళ్ల దగ్గర, ఊరి పిల్లలందరు గుమిగూడుదురు. వారి చెవులు చెడరాదు. మైదానమునకు తూర్పున ఆరోగ్య కేంద్రమున్నది, దాని వెనుక ఇండ్లున్నవి. అక్కడి బాలింతకు, రోగికి నిద్ర చెడరాదు. ఒక్క మీటను త్రిప్పి ఈ మూడింటిని సాధించుట ఎవరి తరమును కాదు. మీటను పెంచిన అవ్వకు వినబడును, పిల్లవాని చెవి పోవును. తగ్గించిన పిల్లవాడు సుఖపడును, అవ్వ లేచి ఇంటికి పోవును. కనుక ప్రశ్న శబ్దమెంత అన్నది కాదు. శబ్దమును మైదానమంతట సమముగా పరచుట ఎట్లు అన్నది.

ధ్వనివర్ధకము పుట్టి నూరేండ్లు దాటినది. 1915 డిసెంబరు 24వ తేదీన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగర మందిరము ఎదుట ప్రిధమ్, జెన్సెన్ అను ఇద్దరు ఇంజనీర్లు తమ సాధనముతో గొప్ప జనసమూహమునకు ప్రసంగమును, సంగీతమును వినిపించినారు. మన పల్లెలకు మొదట వచ్చినవి బూరలు. వేపచెట్టుకొకటి, రామాలయమునకొకటి, చెరువుగట్టున కొయ్యకొకటి కట్టి ఊరంతటికి పాట వినిపించినారు. బూర కొద్దిపాటి విద్యుచ్ఛక్తితో దూరమునకు కేక వేయగలదు. ఆ గుణమువలననే ప్రకటనలకు నేటికిని అది మంచి సాధనము. కాని మృదంగపు తొప్పి నాదము దానిలో పలుకదు. వీణ మంద్రస్థాయి దానిలో సన్నగిల్లును. విద్వాంసుడెవరైనను పడిసెము పట్టినవానివలె పాడును!

చెట్టుకొకటి కట్టుటలో మరొక చిక్కు కలదు. తీగలో విద్యుత్తు రెప్పపాటుకంటె త్వరగా పోవును. గాలిలో ధ్వని మాత్రము, మన వేసవి రాత్రుల వేడిలో, సెకనుకు సుమారు 350 మీటర్లే నడచును. దగ్గరి బూరలోని మాట చెవిని చేరిన పిమ్మట, దానికంటె 100 మీటర్లు దూరముననున్న బూరలోని అదే మాట పావు సెకనుకు పైగా ఆలస్యముగా వచ్చును. ఒక మాటపై వెనుకటి మాట వచ్చి కూర్చుండును. వీథిలో నిలిచి వినినప్పుడు ఎవరో మాటాడుచున్నారని తెలియునే గాని ఏమి మాటాడుచున్నారో తెలియని అవస్థ మనలో పలువురికి అనుభవమే. ఈ ఆలస్యము సంగతి జ్ఞాపకముంచుకొనుడు; తరువాత దీనినే మనము పనికి పెట్టుకొందము.

ఇక దూరము లెక్క. శబ్దమును కొలుచు మానము డెసిబెల్. ఆరుబయట ఒక పెట్టెనుండి వెలువడిన ధ్వని దూరము రెట్టింపైనప్పుడెల్ల 6 డెసిబెల్లులు తగ్గును. గోడలు, పైకప్పు ఉన్నచోట తిరిగివచ్చిన ధ్వని కొంత సాయపడును; మైదానమున ఆ సాయము లేదు. వేదికనుండి 4 మీటర్ల దూరమున కూర్చున్న పిల్లవానికి 100 డెసిబెల్లులు వినబడుచున్నవనుకొందము. 8 మీటర్ల వద్ద 94, 16 వద్ద 88, 32 వద్ద 82, 64 మీటర్ల వద్ద 76. మన సంత మైదానము పొడవు ఇంచుమించు అంతే. ముందు వరుసకు, వెనుక వరుసకు నడుమ 24 డెసిబెల్లుల వ్యత్యాసము! 10 డెసిబెల్లులు పెరిగిన చెవికి రమారమి రెట్టింపు శబ్దముగా తోచునని శాస్త్రజ్ఞుల మాట. అందులకు ఆంప్లిఫయరు పదింతల శక్తి నీయవలసి యుండును. వాట్లను రెట్టింపు చేసిన పెరుగునవి 3 డెసిబెల్లులు మాత్రమే. కనుక "మాది ఇన్ని వేల వాట్ల సెట్టు" అని అద్దెవారు పలికినప్పుడు మీరు బెదరనక్కరలేదు, మురియనక్కరలేదు.

పిల్లల చెవుల మాట ఎత్తితిని గనుక దానిని ముగించి ముందుకు పోయెదను. కర్మాగారములలో పనిచేయువారి రక్షణకై అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సూచించిన లెక్క ఒకటి కలదు. 85 డెసిబెల్లుల శబ్దమును దినమునకు 8 గంటలు భరింపవచ్చును. ఆపైన ప్రతి 3 డెసిబెల్లులకు ఆ కాలము సగమగును. ఆ లెక్కన 100 డెసిబెల్లుల వద్ద 15 నిమిషములే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వినోద స్థలములకు సగటున 100 డెసిబెల్లులు మించరాదని ప్రమాణము నిర్ణయించినది. మన కచేరీ మూడు గంటలు సాగును. చెవిలోపలి సూక్ష్మ రోమకణములు ఒకమారు నశించిన తిరిగి మొలవవు. పెట్టె ముందు కూర్చున్న పిల్లవాడు మరునాడు చెవిలో హోరు వచ్చుచున్నదని చెప్పిన, పెద్దలు నవ్వి ఊరకుందురు. అది నవ్వుటకు తగినది కాదు.

ఆ 24 డెసిబెల్లుల వ్యత్యాసమును తగ్గించు మార్గములలో మొదటిది ఎత్తు. పెట్టెను నేలమీదనో, వేదిక అంచుననో పెట్టినచో ముందువానికి అది మూతి దగ్గరనుండును. వెనుకవానికి ముందున్న తలలు అడ్డువచ్చును. నేల కూర్చున్నవారి చెవులకు 5 మీటర్లు పైన నిలిపినచో, వేదికకు 4 మీటర్ల దూరముననున్న పిల్లవాడు పెట్టెకు 6 మీటర్లకు పైగా ఎడముననుండును. వెనుకవాని దూరము మారదు. ఇంతమాత్రముననే 4 డెసిబెల్లులు కలిసివచ్చినవి. పెట్టె ముఖమును వెనుక వరుసలవైపు గురిపెట్టినచో ముందు వరుస ఆ ధ్వనిధారకు క్రిందుగా ప్రక్కకు పడును గనుక, అచ్చట ఇంకను తగ్గును. పెట్టె ఏదైనను ఈ లాభము దక్కును. దీనికి కావలసినది గట్టి ఇనుప చట్రము, దానిని సరిగా నిలుపగల మనుషులు. పందిరి వెదుళ్లకు, విద్యుత్ స్తంభములకు, చెట్టుకొమ్మలకు బరువైన పెట్టెలను కట్టుట మాత్రము ఎంతమాత్రమును కూడదు. క్రింద కూర్చుండువారు మన బిడ్డలు.

రెండవ సంగతి, పెట్టెలు ఒకదానితో ఒకటి తగవులాడుట. ఒకే పాటను పాడు రెండు పెట్టెలను ప్రక్కప్రక్కన కొంత ఎడముగా పెట్టితిమి. వినువానికి ఒకటి దగ్గర, ఒకటి కాస్త దూరము. 1000 ఆవృత్తులు గల స్వరపు తరంగము పొడవు 35 సెంటీమీటర్లు. రెండు దారుల నడుమ భేదము సరిగా అందులో సగమైనచో, ఒక తరంగపు ఎత్తు మరొకదాని పల్లములో పడి రెండును అణగిపోవును. చెరువులో రెండు రాళ్లు ఒకేమారు వేసి అలలను చూచినవారికి ఇది వివరింపనక్కరలేదు. ఒక్కొక్క స్వరమునకు తరంగపు పొడవు వేరు గనుక ఒక్కొక్క చోట ఒక్కొక్క స్వరము చచ్చును. మైదానమున అడ్డముగా నడచిపోవుచు వినుడు: గాయకుని కంఠము అడుగడుగునకు రంగు మార్చుచుండును. గోడవలె అడ్డముగా పదేసి పెట్టెలు పేర్చిన ఊరేగింపు బండ్లలో మాట అర్థము కాకపోవుటకు ఇదియు ఒక కారణము.

అవే పెట్టెలను ఒకదానిపై ఒకటి నిలువుగా పేర్చినచో తగవు తీరదు గాని చోటు మారును. ఇప్పుడు ధ్వనులు అణగునది పైన ఆకాశమున, క్రింద నేలలో. మైదానమున ఎడమకు కుడికి పరచుకొని కూర్చున్నవారికి అవి కలిసియే వచ్చును. ఈ కీలకమును ఆధారము చేసికొని పుట్టినదే స్తంభ స్పీకరు. మైకులవారు కాలమ్ బాక్సు అందురు. 1950ల ఆరంభమున లండను నగరమందలి సెయింట్ పాల్స్ మహామందిరమున పార్కిన్, టేలర్ అను శాస్త్రజ్ఞులు ఇట్టి నిలువు స్తంభములను నిలిపి, దూరపు స్తంభములలోని మాటను తగినంత ఆలస్యపరచి, ప్రతిధ్వనులకు పేరుపొందిన ఆ కట్టడములో ప్రసంగము అర్థమగునట్లు చేసినారు. మన ఊళ్లలోను ఈ స్తంభములు లేకపోలేదు. అయితే అందముకొరకో, గాలికి పడుననియో, వానిని అడ్డముగా పరుండబెట్టుటను పలుచోట్ల చూచితిని. అట్లు చేసినచో గుణము తారుమారగును: ధ్వని ఆకాశమునకు నేలకు విస్తరించును, జనము కూర్చున్నవైపు ఇరుకగును. నిలువుగా నుండవలసినదానిని నిలువుగానే ఉంచుడు.

లైన్ అర్రే అనునది ఈ స్తంభమునకే పెరిగిన రూపము. 1974 మార్చి 23వ తేదీన అమెరికాలోని గ్రేట్‌ఫుల్ డెడ్ అను సంగీత బృందము శాన్‌ఫ్రాన్సిస్కో సమీపమున సుమారు 600 స్పీకర్లను తమ వెనుక నిలువు వరుసలుగా, ఒక్కొక్క వాద్యమునకు ఒక్కొక్క వరుసగా పేర్చి వాయించినారు. దానికి ధ్వని గోడ అని పేరు. విన్నవారు మెచ్చుకొనిరి. కాని దానిని ఊరూర మోసికొనిపోవు భారమును బృందము భరింపలేక ఆ సంవత్సరముతోనే విడిచిపెట్టినది. పిమ్మట ఫ్రాన్సు దేశపు భౌతిక శాస్త్రవేత్త క్రిస్టియన్ హైల్, మార్సెల్ అర్బన్‌తో కలిసి 1992లో వియన్నా నగరమున జరిగిన ధ్వని ఇంజనీర్ల సమావేశమున ఒక పత్రమును సమర్పించెను. పెట్టెలెన్ని పేర్చినను అవి ఒక్క నిడుపాటి ధ్వనిమూలముగా ప్రవర్తింపవలెనన్న ఏ నియమములు పాటింపవలెనో అందు లెక్కకట్టి చూపినారు. ఆ నియమములపై ఆయన కర్మాగారమున తయారైన వి-డాస్క్ అను వరుసయే నేటి వ్రేలాడు వరుసలన్నిటికి మార్గదర్శి. దాని పెట్టె ఒక్కొక్కటి నూరు కిలోలు దాటిన బరువు.

ఆ లెక్కలోని సారమును మీకు చెప్పవలెను; మన ఇరుపక్షముల వాదమును తీర్చునది అదియే. నిడుపాటి మూలమునుండి వచ్చు ధ్వని, దూరము రెట్టింపైనప్పుడు 6 కాక 3 డెసిబెల్లులే తగ్గును. అనగా 4 మీటర్లకు 64 మీటర్లకు నడుమ వ్యత్యాసము 24 కాక 12. ఇది గొప్ప లాభమే. కాని ఈ లాభము కొంత దూరమువరకే. ఆ హద్దు దాటిన పిమ్మట ఆ వరుసయు మామూలు పెట్టెవలెనే రెట్టింపునకు 6 చొప్పున తగ్గును. ఆ హద్దు వరుస పొడవును, స్వరపు ఆవృత్తిని బట్టి యుండును. 4 మీటర్ల పొడవుగల వరుసకు 1000 ఆవృత్తుల వద్ద హద్దు సుమారు 24 మీటర్లు. పొడవు సగమైనచో హద్దు నాలుగవ వంతునకు తగ్గును. మొదటి అద్దెవారు ప్రక్కకు నాలుగు పెట్టెలన్నారు గదా! పెట్టె ఎత్తు 25 సెంటీమీటర్లనుకొన్నచో వరుస పొడవు 1 మీటరు. దాని హద్దు 1000 ఆవృత్తుల వద్ద ఒకటిన్నర మీటరైనను లేదు. 4000 ఆవృత్తుల వద్ద 6 మీటర్లు. ముందు వరుస పిల్లవానిని చేరులోపలనే లైన్ అర్రే గుణము చాలవరకు తీరిపోయినది. ఇక మిగిలినది దాని ఆకారము, దాని అద్దె.

అది పూర్తిగా నిరర్థకమని నేననను. పై స్వరములను అది నిలువున కొంత అదిమి జనమువైపు పంపును. ఆకాశమునకు పోవునది ఆ మేరకు తగ్గును. ఎనిమిదింటిని రెండు ముక్కలు చేయక వేదిక నడుమ ఒకే వరుసగా వ్రేలాడదీసినచో హద్దు నాలుగింతలై, 1000 ఆవృత్తుల వద్ద 6 మీటర్లగును. దూరము నూరు, నూటయేబది మీటర్లున్న మైదానములో, పండ్రెండేసి పెట్టెల నిజమైన పొడుగు వరుసకు సాటి లేదు. అయినను తగ్గు స్వరముల విషయమున అదియు అశక్తమే: 4 మీటర్ల వరుసకు సైతము 100 ఆవృత్తుల వద్ద హద్దు మీటరు పైచిల్లర. మృదంగపు ఎడమప్రక్క నాదము ఏ వరుసనుండి వచ్చినను నలుదిక్కులకు పారును.

వరుసను ఎన్నుకొన్నచో మరి రెండు సంగతులు విచారింపవలెను. ఒకటి, పై స్వరముల నాళము. హైల్ లెక్క ప్రకారము ప్రక్కప్రక్క ధ్వనిమూలముల మధ్య ఎడము తరంగపు పొడవులో సగమునకు మించరాదు. 10,000 ఆవృత్తుల తరంగము పొడవు మూడున్నర సెంటీమీటర్లే. అంత దగ్గరగా స్పీకర్లను పెట్ట వీలులేదు. అందుచేత మంచి పెట్టెలలో పై స్వరములను ఒక ప్రత్యేకమైన నాళముగుండ పంపి, సన్నని నిలువు చీలికనుండి సమతలముగా బయటికి వచ్చునట్లు చేయుదురు. చౌక పెట్టెలలో మామూలు బూరనే అమర్చి, పైకి వరుస రూపము మాత్రము కల్పించువారున్నారు. అద్దెవారిని నాళము సంగతి అడుగుడు. వారు తెల్లబోయినచో మీకు సమాధానము దొరికినట్లే. రెండవది, వంపు. వరుస తిన్నగా వ్రేలాడరాదు. పై పెట్టెలు ఇంచుమించు తిన్నగా వెనుక వరుసలను చూడవలెను, క్రిందివి కొడవలివలె లోపలికి వంగి ముందువారిని చూడవలెను. ఏ రెండు పెట్టెల నడుమ ఎన్ని డిగ్రీలు అన్నది మైదానపు కొలతలనుబట్టి కంప్యూటరుమీద లెక్కకట్టు ప్రోగ్రాములను తయారీదారులే సిద్ధము చేసియున్నారు. మైదానము కొలువక వచ్చి వ్రేలాడదీయువాడు కొలతలు తీయక చొక్కా కుట్టు దర్జీవంటివాడు.

ఇక రెండవవారి నాలుగు పెట్టెలను చూతము. వీనిని నాలుగింటిని వేదిక దగ్గరనే పెట్టినచో మొదటి కథయే. రెండింటిని వేదికకు ఇరువైపుల, చెవులకు 5 మీటర్లు పైన, ముఖములు మైదానపు మూడింట రెండువంతుల దూరమునకు గురిపెట్టి నిలుపుడు. తక్కిన రెండింటిని 30 మీటర్ల దూరమున జనము నడుమ, అంతే ఎత్తున, వెనుకకు చూచునట్లు నిలుపుడు. అప్పుడు వెనుక అవ్వకు తన పెట్టె 34 మీటర్ల లోపలనే యున్నది. వేదిక పెట్టెలను హోరెత్తింప పనిలేదు. పిల్లల చెవులు బ్రతికినవి. చెట్ల బూరలు చేసిన అల్లరి ఇచ్చటను రాకుండుటకు, వెనుక పెట్టెలకు పోవు ధ్వనిని కావలెనని ఆలస్యము చేయవలెను. 30 మీటర్లు నడచుటకు ధ్వనికి 86 మిల్లీసెకన్లు పట్టును. అనగా సెకనులో పండ్రెండవ వంతు. దానికి మరి 10, 15 మిల్లీసెకన్లు కలుపుదురు. ఎందులకనగా, ఒకే ధ్వని రెండు చోట్లనుండి కొద్ది ఎడముతో వచ్చినప్పుడు మన చెవి మొదట వచ్చినదాని దిక్కునే నమ్మును. హెల్ముట్ హాస్ అను జర్మను పరిశోధకుడు 1949లో దీనిని శోధించి చూపెను. శబ్దబలము దగ్గరి పెట్టెనుండి వచ్చుచున్నను, అవ్వకు మాత్రము దాసుగారు వేదికమీదనుండియే కథ చెప్పుచున్నట్లు తోచును. 1973 జూలై 28వ తేదీన న్యూయార్కు రాష్ట్రమున వాట్కిన్స్ గ్లెన్ అనుచోట సుమారు 6 లక్షల మంది కూడిన సంగీతోత్సవమున ఇట్లే దూరమున నిలిపిన స్పీకర్లకు ధ్వనిని ఆలస్యపరచి పంపినారు. నాడు అది అపురూపమైన యంత్రము. నేడు అద్దెవారి మిక్సరులలో చాలవానియందు ఆ సౌకర్యము మీటగా ఉండనే యున్నది. వాడువారు తక్కువ.

కనుక నా అభిప్రాయమును దాచక చెప్పెదను. మన మైదానమునకు, మన రెండు కార్యక్రమములకు రెండవవారి నాలుగు పెట్టెలే తగినవి. ఆలస్యపు అమరికతో, ఎత్తుగా నిలుపుదుమని వారు ఒప్పుకొన్నచోనే సుమా! లేనిచో ఇరువురును ఒక్కటే. వేదిక అంచున మూడు చిన్న పెట్టెలను తక్కువ శబ్దముతో పెట్టినచో, మొదటి వరుసవారికి ధ్వని నెత్తిమీదనుండి గాక ఎదుటినుండి వచ్చినట్లుండును. పెద్ద బాస్ పెట్టెలు హరికథకు అనవసరము, కచేరీకి ఒకటి చాలును. ఎడమ పెట్టెలో వయొలిన్, కుడి పెట్టెలో మృదంగము అను పట్నపు వేడుక వలదు. ఎడమప్రక్క స్త్రీలు, కుడిప్రక్క పురుషులు కూర్చుండు మన సభలో ఒక సగమునకు లయయే లేకుండపోవును. అన్ని పెట్టెలలో అన్నియు రావలెను.

వేదికపై మైకుల సంఖ్యను తగ్గించుడు. తెరచియున్న మైకులు రెట్టింపైనప్పుడెల్ల, కూత పుట్టకుండ పెంచగల శబ్దము 3 డెసిబెల్లులు తగ్గిపోవును. గాయకుడు మైకునకు సగము దూరము జరిగినచో 6 డెసిబెల్లులు లాభము. ఏ పెట్టెయైనను మైకులకు ముందుగానే ఉండవలెను, వెనుక ఉండరాదు.

ఇప్పుడు ఇరుగుపొరుగు మాట. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము ధ్వనివర్ధకమునకు లిఖితపూర్వకమైన అనుమతి కావలెను. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 వరకు ఆరుబయట వాడరాదు. సాంస్కృతిక, మతసంబంధమైన పర్వములకు సంవత్సరమున 15 రోజులు మించకుండ రాత్రి 12 వరకు సడలింపు నిచ్చు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు కలదు. 2005 జూలై 18వ తేదీన సుప్రీంకోర్టు ఈ నియమములను గట్టిగా సమర్థించుచు తీర్పు చెప్పినది. నివాస ప్రాంతమున పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు ప్రమాణము. బహిరంగ స్థలపు సరిహద్దు వద్ద ధ్వనివర్ధకపు శబ్దము ఆ ప్రాంత ప్రమాణముకంటె 10 డెసిబెల్లులో, లేక మొత్తము 75 డెసిబెల్లులో, రెండింటిలో ఏది తక్కువైన దానిని మించరాదు. అనగా మన సరిహద్దున పగలు 65, రాత్రి 55 మాత్రమే. ఎనిమిదికి మొదలుపెట్టి పదింటికి ముగించుట కచేరీకి లోపము కాదు.

వేదిక ముఖము ఏ దిక్కున ఉండవలెనన్నది ఇందులోనే తేలును. ప్రతి సంవత్సరము వాడుకగా తూర్పు ముఖముగా కట్టుచున్నారు. ధ్వని తిన్నగా ఆరోగ్య కేంద్రపు కిటికీలలోనికి పోవుచున్నది. ఈమారు పడమటి ముఖముగా, పొలములవైపు త్రిప్పి కట్టుడు. వాస్తు చెప్పువారు అభ్యంతరపెట్టినచో రోగుల క్షేమమును గూర్చి వారితో మాటాడవచ్చును. అయితే బాస్ ధ్వనికి ఈ ఉపాయము చాలదు. 50 ఆవృత్తుల తరంగము పొడవు 7 మీటర్లు; గోడచాటును, పెట్టె ముఖమును అది లెక్కచేయదు. పొరుగువారి కిటికీ తలుపులు అదరునది దానివలననే. దానిని తగ్గించుటకు నమ్మకమైన మార్గము దానిని పెంచకుండుటయే.

గాలి, వేడి కూడ ధ్వనిని త్రిప్పును. మధ్యాహ్నము నేల కాగి, క్రింది గాలి వేడెక్కియుండును. ధ్వని పైకి వంగి, దూరమువారికి అందదు. రాత్రి నేల చల్లబడినపుడు క్రింది గాలి చల్లగను, పై గాలి వెచ్చగను ఉండును. ధ్వని నేలవైపు వంగి ప్రక్క ఊరిదాక పోవును. రాత్రివేళ దూరపు రైలు కూత స్పష్టముగా వినవచ్చుటకు ఊరు సద్దుమణగుటయే గాక ఇదియు కారణము. కనుక మిట్టమధ్యాహ్నము "హలో హలో, మైక్ టెస్టింగ్" అని మీటలు సరిచూచి పోవుట వలన ప్రయోజనము లేదు. కార్యక్రమపు ముందునాటి రాత్రి, అదే వేళకు, పరీక్షింపవలెను.

పరీక్షకు యంత్రము లేకున్నను పని జరుగును. పుస్తకములోని వాక్యమును చదివినచో వినువాడు ముందువెనుకలనుబట్టి ఊహించును గనుక అది తగదు. మన గ్రంథాలయములోని నిఘంటువునుండి సంబంధములేని ఇరువది మాటలను ఏరుకొనుడు: తల, కల, వల, పాలు, కాలు, శాల, చాప, ఖరము, కరము వంటివి. ఒకే అచ్చు ఉండి హల్లు మారు మాటలు మేలు; దూరమున మొదట చెడునది హల్లే. ఒకరు వేదికపై మైకున నెమ్మదిగా చదువవలెను. చివరి చాప ఉండు చోట ఇద్దరు, 30 మీటర్ల పెట్టెలకు కొంచెము ముందుగా ఇద్దరు, ముందు వరుసలో ఒకరు కాగితము, పెన్సిలు పట్టుకొని వినినది వినినట్లు వ్రాయవలెను. వారిలో ఒకరు వయసు మళ్లినవారై యుండుట మంచిది. చివరివారికి రెండు మూడు మాటలకంటె ఎక్కువ తప్పినచో శబ్దమును పెంచక, పెట్టెల గురిని, ఆలస్యపు మీటను సరిచేసి మరల చదివించుడు. అదే సమయమున ఆరోగ్య కేంద్రపు వసారాలో మరొకరు నిలువవలెను. ఆయనకు ఆ ఇరువది మాటలలో ఒక్కటియు తెలియకున్న ఏర్పాటు సరిగా కుదిరినట్లు. ఆ పనికి నర్సుగారి సెలవు తీసికొనిన పిమ్మటనే వెళ్లవలెను; అద్దెవారికి బయానా ఇచ్చుట ఆ రాత్రి గడచిన మరునాడు.